పేరు మాస్టారిది, పగ్గం ఎవరిది?



2021 జనవరి. కోవిడ్ రోజులు. కెనడా దేశంలో మాంట్రియల్ అనే నగరం. అక్కడి కంకార్డియా యూనివర్సిటీ విద్యార్థి ఒకరు ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో కళా చరిత్ర పాఠం వింటున్నారు. పాఠం చెబుతున్నది ఒక పెద్దాయన. బొమ్మల గురించి, వాటిని గీసినవాళ్ల గురించి ఎంతో ఇష్టంగా చెబుతున్నారు. వింటున్న విద్యార్థికి ఆయన మీద గురి కుదిరింది. ఒక మెయిల్ రాద్దామనిపించింది. అడ్రసు కోసం ఆయన పేరు ఇంటర్నెట్‌లో వెతికారు. అడ్రసు దొరకలేదు. ఆయన చనిపోయారన్న వార్త దొరికింది.

ఆ ప్రొఫెసర్ పేరు ఫ్రాంస్వా మార్క్ గాన్యోన్. కెనడా చిత్రకళను జీవితమంతా చదివిన పండితుడు. 2019 మార్చిలో, 83 ఏళ్ల వయసులో కన్నుమూశారు. అంటే ఆ విద్యార్థి పాఠం వినే నాటికి ఆయన పోయి దాదాపు రెండేళ్లు. మనిషి లేరు. పాఠం మాత్రం వారం వారం నడుస్తూనే ఉంది.

యూనివర్సిటీ తన వివరణ ఇచ్చింది. పేపర్లు దిద్దడానికి, సందేహాలు తీర్చడానికి వేరే అధ్యాపకుడు ఉన్నారని, సహాయకులు ఉన్నారని, వీడియోలు బోధనకు ఒక సాధనం మాత్రమేనని చెప్పింది. అది నిజమే. అయినా ఆ విద్యార్థి మనసు కుదుటపడలేదు. ఈ సంగతి చదివిన ఎందరో అధ్యాపకుల మనసూ కుదుటపడలేదు. ఎందుకంటే ప్రతి ఒక్కరికీ తమ వీడియోలు గుర్తొచ్చాయి. లాక్‌డౌన్‌లో హడావిడిగా రికార్డు చేసి కాలేజీకి పంపిన వీడియోలు. అవి ఇప్పుడు ఎక్కడున్నాయి? ఎవరి దగ్గరున్నాయి? ఎన్నాళ్లు తిరుగుతాయి?

చనిపోయిన రచయిత పుస్తకం చదవడం మనకు కొత్తేమీ కాదు, దాంట్లో తప్పేముంది అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్న. పుస్తకం విషయంలో కట్టుబాట్లు ఎప్పుడో స్థిరపడ్డాయి. పబ్లిషరుతో ఒప్పందం ఉంటుంది, రాయల్టీ ఉంటుంది, మొదటి ముద్రణ ఏ ఏడో, రెండో ముద్రణ ఏ ఏడో లోపలి పేజీలో వేస్తారు. చదివేవాడికి ఇది ఎప్పటి మాటో తెలుస్తుంది. వీడియో పాఠానికి ఆ అలవాట్లు ఇంకా పడలేదు. పుస్తకం మన ముందుకొచ్చి కళ్లలోకి చూస్తూ మాట్లాడదు కదా. పాఠం చెప్పే మనిషి అలాగే మాట్లాడతారు. అందుకే ఆ విద్యార్థి మెయిల్ రాయబోయారు.

ఇక్కడ రెండు ప్రశ్నలు ఉన్నాయి. ఈ ప్రసంగంలో వాటినే మళ్లీ మళ్లీ తలుచుకుందాం. ఒకటి, పాఠం మీద పేరు ఎవరిది? రెండోది, పాఠం పగ్గం ఎవరి చేతిలో ఉంది? పేరు, పగ్గం. ఈ రెండు మాటలు గుర్తుపెట్టుకోండి.

ఈ తగవు ఇంటర్నెట్ తెచ్చింది అనుకుంటాం. కాదు. దీనికి రెండు వందల ఏళ్లున్నాయి. లండన్‌లో సెయింట్ బార్తలోమ్యూస్ అని పాత ఆస్పత్రి. అక్కడ జాన్ అబర్నెతీ అనే సర్జన్ వైద్య విద్యార్థులకు పాఠాలు చెప్పేవారు. మాటకారి. పిల్లలు ఫీజు కట్టి మరీ వినేవారు. 1823లో థామస్ వాక్లీ అనే ఆయన లాన్సెట్ అనే వైద్య పత్రిక పెట్టారు. ఇవాళ్టికీ ప్రపంచంలో పేరున్న పత్రిక అదే. ఆ పత్రిక అబర్నెతీ చెప్పిన పాఠాలను చెప్పినవి చెప్పినట్టు అచ్చు వేయడం మొదలుపెట్టింది. ఆయన్ని అడగలేదు. ఆయన కోర్టుకెక్కారు.

అక్కడ ఒక చిక్కు వచ్చింది. అబర్నెతీ పాఠమంతా రాసుకుని చదివేవారు కాదు. కొన్ని నోట్సు దగ్గర పెట్టుకుని ధారాళంగా మాట్లాడేవారు. కాగితం మీద లేని దానికి యజమాని ఎవరు? గాలిలో కలిసిపోయిన మాట మీద హక్కు ఏమిటి? న్యాయమూర్తి లార్డ్ ఎల్డన్ దీని మీద చాలా తర్జనభర్జన పడ్డారు. చివరికి 1825లో దారి దొరికింది. విద్యార్థి పాఠం వినవచ్చు, రాసుకోవచ్చు, చదువుకోవచ్చు. దాన్ని అచ్చేసి అమ్ముకోవడానికి మాత్రం అతనికి హక్కు లేదు. క్లాసులో కూర్చోవడంలోనే ఆ నమ్మకం ఇమిడి ఉంది అన్నారు. పత్రికను ఆపమన్నారు.

మరో అరవై ఏళ్లకు స్కాట్లాండ్‌లో ఇదే కథ. గ్లాస్గో యూనివర్సిటీలో తత్వశాస్త్రం చెప్పే ఎడ్వర్డ్ కెయిర్డ్ పాఠాలను సైమ్ అనే పుస్తకాల వ్యాపారి అచ్చేసి అమ్మాడు. తగవు లండన్‌లో అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్లింది. 1887లో ప్రొఫెసరే గెలిచారు. తరగతి గదిలో చెప్పినంత మాత్రాన పాఠం లోకం పరమైపోలేదు అన్నది ఆ తీర్పు సారం.

గమనించండి. ఆ రెండు కేసుల్లోనూ పాఠాన్ని పట్టుకుపోయింది బయటివాళ్లు. ఒక పత్రిక, ఒక దుకాణం. ఇవాళ ప్రశ్న ఇంట్లోకి వచ్చింది. ఇవాళ పాఠాన్ని దాచుకునేది జీతమిచ్చే కాలేజీ. కాబట్టి తగవు మరింత సున్నితం.

ఇప్పుడు మన ఊరికి వద్దాం.

తెలుగువాళ్లకు దూరం నుంచి పాఠం వినడం కొత్త కాదు. 1982లో హైదరాబాద్‌లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం మొదలైంది. దేశంలో మొట్టమొదటి ఓపెన్ యూనివర్సిటీ అదే. ఇప్పుడు దానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు. తొలి వైస్ చాన్సలర్ ప్రొఫెసర్ జి. రాంరెడ్డి. తర్వాత ఢిల్లీలో ఇందిరాగాంధీ ఓపెన్ యూనివర్సిటీకి కూడా ఆయనే తొలి వైస్ చాన్సలర్. పగలు పనికి వెళ్లి సాయంత్రం చదువుకునే వేల మందికి ఆ చదువు చేరింది. ఇదే ఆకాశవాణి ద్వారా, మీరిప్పుడు వింటున్నలాంటి రేడియో పెట్టెల్లోంచే, ఆ పాఠాలు ఇళ్లకు చేరాయి.

ఆ యూనివర్సిటీ పుస్తకం ఒకటి మీ ఇంట్లో ఉంటే మొదటి పేజీలు తిప్పి చూడండి. ఎవరు రాశారు, ఎవరు సరిచూశారు అని పేర్ల పట్టిక కనిపిస్తుంది. పుస్తకం మీద హక్కు యూనివర్సిటీది. పేర్లు అధ్యాపకులవి. ఈ పద్ధతి పేరును కాపాడింది. పగ్గం మాత్రం సంస్థ చేతిలోనే ఉంది. రాసేటప్పుడే అందరికీ ఆ సంగతి తెలుసు కాబట్టి పేచీ తక్కువ.

2003లో ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్‌సీ కలిసి ఎన్‌పీటెల్ అనే వీడియో పాఠాల ప్రాజెక్టు మొదలుపెట్టాయి. ఇంజనీరింగ్ చదివిన తెలుగు పిల్లల్లో ఆ పేరు తెలియనివాళ్లు అరుదు. పరీక్ష ముందు రోజు రాత్రి మద్రాసు ఐఐటీ ప్రొఫెసరు పాఠం విని గట్టెక్కినవాళ్లు ఎందరో. ఆ పాఠాలకు క్రియేటివ్ కామన్స్ లైసెన్సు పెట్టారు. ఎవరైనా వాడుకోవచ్చు, కానీ ఎవరిదో చెప్పాలి అన్నది దాని షరతుల్లో ఒకటి. 2017 జులైలో కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక స్వయం వచ్చింది. తర్వాత యూజీసీ నిబంధన మార్చింది. ఒక సెమిస్టరులో 40 శాతం దాకా కోర్సులను స్వయం ద్వారా చదివి క్రెడిట్లు తెచ్చుకోవచ్చు అని 2021లో చెప్పింది. అంటే ఆన్‌లైన్ పాఠం ఇక పక్కవాద్యం కాదు. డిగ్రీలో భాగం.

మధ్యలో 2020 మార్చి వచ్చింది. ఒక్క రాత్రిలో కాలేజీలన్నీ మూతపడ్డాయి. అప్పటిదాకా కెమెరా ముఖం చూడని మాస్టార్లు, మేడమ్‌లు ఫోన్లు పట్టుకుని పాఠాలు చెప్పారు. పుణెలో ఒక కెమిస్ట్రీ టీచరు ఫోన్ నిలబెట్టే స్టాండు లేక, బట్టలు తగిలించే హ్యాంగర్‌కి గుడ్డ పీలికలతో ఫోన్ కట్టి బ్లాక్ బోర్డు మీద పాఠం చెప్పారు. ఆ ఫోటో దేశమంతా చూసింది. వేల ఇళ్లలో ఇలాగే జరిగింది. పుస్తకాల దొంతరకు ఆనించిన ఫోన్లు. మధ్యలో కుక్కర్ విజిళ్లు. ఆ పాఠాలు రికార్డయ్యాయి. కాలేజీ డ్రైవ్‌లోకి వెళ్లాయి. ఆ రోజున ఏ కాగితం మీద సంతకం చేశామో, అసలు చేశామో లేదో కూడా చాలామందికి గుర్తులేదు.

ఇక స్టూడియోలో రికార్డు చేసే పాఠం ఎలా ఉంటుందో ఒక్కసారి దగ్గరగా చూద్దాం. చిన్న గది. ఏసీ చల్లగా ఉంటుంది. వెనక ఆకుపచ్చ తెర. కాలర్‌కి మైకు. ఎదురుగా కెమెరా, దాని మీద ఎర్ర దీపం. పిల్లలు లేరు. క్లాసులో అయితే వెనక బెంచీ కుర్రాడి ముఖం చూసి అర్థం కాలేదని తెలుసుకుని ఇంకో ఉదాహరణ చెబుతారు. ఇక్కడ ఆ ముఖం లేదు. అర్థం కాని ఆ ముఖాన్ని ఊహించుకుని, అతనికి ఎక్కడ తికమక వస్తుందో ముందే కనిపెట్టి చెప్పాలి. అరగంట పాఠం వెనక రోజుల తరబడి పని ఉంటుంది. పీపీటీ తయారీ, లెక్కల ఎంపిక, బొమ్మలు, చివర ప్రశ్నలు. మాట తడబడితే మళ్లీ మొదటి నుంచి. ఇరవై ఏళ్లు క్లాసులో చెప్పి చెప్పి సానబెట్టుకున్న ఉదాహరణ ఒకటి ఆ అరగంటలో మెరుస్తుంది. అది ఏ సిలబస్ లోనూ ఉండదు. ఆ మాస్టారి సొంతం.

సిలబస్ కాలేజీది. గది కాలేజీది. కెమెరా కాలేజీది. ఆ ఉదాహరణ ఎవరిది?

మన చట్టం ఏమంటుందో చూద్దాం. మనకున్నది 1957 నాటి కాపీరైట్ చట్టం. దాంట్లో 17వ సెక్షన్ మొదటి యజమాని ఎవరో చెబుతుంది. ఏదైనా రచనకు మొదటి యజమాని దాన్ని సృష్టించినవారు. ఇది మూల సూత్రం. కానీ దీనికి మినహాయింపులున్నాయి. ఉద్యోగంలో భాగంగా చేసిన పనికి, వేరే ఒప్పందం ఏదీ లేకపోతే, మొదటి యజమాని ఉద్యోగమిచ్చినవారు. ప్రభుత్వం కోసం, ప్రభుత్వ సంస్థల కోసం చేసిన పనికీ దాదాపు ఇదే వరస. కాలేజీ యాజమాన్యాలు చూపించేది ఈ మినహాయింపునే.

ఇక్కడ రెండు సంగతులు ఉన్నాయి. మొదటిది, వేరే ఒప్పందం లేకపోతే అన్న మాట. అంటే ఒప్పందం ఉంటే లెక్క మారుతుంది. కాగితం మీద ఏం రాసుకుంటే అది నడుస్తుంది. రెండోది, ఉద్యోగంలో భాగంగా అన్న మాట. మన డిగ్రీ కాలేజీల్లో, జూనియర్ కాలేజీల్లో పీరియడుకి ఇంత అని తీసుకుని పాఠం చెప్పే గెస్ట్ లెక్చరర్లు ఉన్నారు. వాళ్లను సెలవుల్లో అడిగేవారు లేరు. ఉద్యోగులుగా చూడనివాళ్ల పాఠాన్ని ఉద్యోగి పాఠం అని ఎలా తీసుకుంటారు? గంటకు డబ్బు ఇచ్చినవాళ్లు ఆ గంటను కొనుక్కున్నారు. ఆ గంటను రికార్డు చేసి పదేళ్లు తిప్పుకోవడం వేరే బేరం. ఆ బేరం విడిగా జరగాలి. ఈ మాట గట్టిగానే చెప్పాలి. ఎందుకంటే రికార్డింగు వల్ల మొదట ఉపాధి పోయేది వాళ్లకే.

అదే 17వ సెక్షన్‌లో చాలామంది చూడని క్లాజు ఇంకొకటి ఉంది. బహిరంగంగా చేసిన ప్రసంగానికి మొదటి యజమాని ఆ ప్రసంగం చేసినవారే. సభ ఏర్పాటు చేసినవారి దగ్గర ఆయన ఉద్యోగి అయినా సరే, హక్కు వక్తదే. మరి తరగతి గది బహిరంగమా? యూట్యూబ్‌లో పెట్టిన పాఠం బహిరంగమా? గ్లాస్గో ప్రొఫెసరు కేసు గుర్తుందా? తరగతి గది బహిరంగం కాదన్నందుకే ఆయన గెలిచారు. ఇక్కడ బహిరంగం అంటేనే మాస్టారికి లాభం. చట్టం ఎంత చిత్రంగా తిరుగుతుందో చూడండి.

ఇంకో తలుపు ఉంది. అది ఇంకా ఆసక్తికరం. 1994 సవరణతో మన చట్టంలోకి ప్రదర్శకుల హక్కులు వచ్చాయి. ప్రదర్శకుడంటే ఎవరు? చట్టం వరసగా చెబుతుంది. నటుడు, గాయకుడు, వాద్యం వాయించేవారు, నాట్యం చేసేవారు, గారడీవారు, పాములు ఆడించేవారు, ఆ వెంటనే ఉపన్యాసం ఇచ్చే వ్యక్తి. అవును. పాములు ఆడించేవారి పక్కన మాస్టారు. ఆ వరసలో ఆయనకు చోటు దొరకడం గౌరవమే. గొంతుతో, ఒంటితో, ఎదుటివారిని కట్టిపడేసే నేర్పుతో బతికే మనుషుల వరస అది. చట్టం చేసినవాళ్లకు పాఠం చెప్పడం కూడా ఒక కళ అని తోచింది.

ఇప్పుడు ఆ హక్కుల్లో ఏముంది? ఆయన ప్రదర్శన అంటే అది ఆయనదేనని చెప్పుకునే హక్కు. దాన్ని ముక్కలు చేసి, వికృతం చేసి ఆయన పరువు తీస్తే అడ్డుకునే హక్కు. ఒకసారి రాతపూర్వకంగా ఒప్పుకుని వీడియోలో పాల్గొంటే, వేరే ఒప్పందం లేకపోతే, నిర్మాత ఆ వీడియోను వాడుకోవడాన్ని అడ్డుకోలేరు. అది నిజం. అయితే దాన్ని వ్యాపారానికి వాడితే రాయల్టీ అడగవచ్చు. అంటే పగ్గం వదిలేసినా పేరు వదలక్కర్లేదు. మరోసారి చెప్పుకుందాం. పగ్గం చేజారినా, పేరు చేజారదు.

ఈ పేరు మీది హక్కుకు ఎంత బలముందో ఢిల్లీలో ఒక శిల్పి చూపించారు. అమర్‌నాథ్ సెహగల్. విజ్ఞాన్ భవన్ కోసం పెద్ద కంచు కుడ్యశిల్పం చేశారు. ఏళ్ల తరబడి శ్రమ. 1979లో భవనం మరమ్మతుల పేరుతో దాన్ని తీసి గోదాములో పడేశారు. ముక్కలైంది. దాని మీద శిల్పి పేరున్న భాగం కూడా కనిపించకుండా పోయింది. శిల్పం ప్రభుత్వానిది, డబ్బిచ్చి చేయించుకుంది. అయినా ఆయన కోర్టుకు వెళ్లారు. 57వ సెక్షన్ కింద, సొంతదారు వేరైనా సృష్టికర్తకు తన సృష్టి మీద మిగిలే హక్కు ఉందని వాదించారు. 2005లో ఢిల్లీ హైకోర్టు ఆయన పక్షాన నిలిచింది. మిగిలిన ముక్కలు ఆయనకు ఇచ్చేయమంది. ఐదు లక్షల రూపాయల పరిహారం ఇవ్వమంది. ఆయన 1979 నుంచి 2005 దాకా ఎదురుచూశారు. అంత ఓపిక అందరికీ ఉండదు, ఉండాలని కోరడం న్యాయం కూడా కాదు. కానీ ఆ తీర్పు వీడియో పాఠానికీ దారి చూపుతుంది.

ఇంతసేపూ పేరు గురించి. ఇప్పుడు పగ్గం గురించి.

ఒక లా ప్రొఫెసరు 2022లో క్రిమినల్ లా పాఠం రికార్డు చేశారనుకోండి. హత్యకు శిక్ష 302వ సెక్షన్ అని చెప్పారు. ఆ రోజుకి అది అక్షరాలా నిజం. మన సినిమాల పుణ్యమా అని ఆ నంబరు చిన్నపిల్లలకు కూడా తెలుసు. 2024 జులై 1న ఇండియన్ పీనల్ కోడ్ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. హత్యకు శిక్ష 103వ సెక్షన్‌లోకి వెళ్లింది. వీడియోలో ఆయన మాత్రం అదే ధీమాతో 302 అంటూనే ఉన్నారు. కింద ఆయన పేరు, హోదా. కొత్తగా చేరిన విద్యార్థి అది చూసి పరీక్షలో రాస్తాడు. తప్పు ఎవరిది? ఆ ప్రొఫెసరు సరిచేద్దామంటే లాగిన్ ఆయన దగ్గర లేదు. ఆపమందామంటే ఎవరికి చెప్పాలో తెలియదు. పేరు ఆయనది. పగ్గం ఆయనది కాదు.

పగ్గం లేకపోతే ఏమవుతుందో ఎంతో పేరున్న ప్రొఫెసరుకు కూడా అనుభవమైంది. హార్వర్డ్‌లో మైఖేల్ సాండెల్ న్యాయం మీద చెప్పే పాఠాలు లోకప్రసిద్ధం. ఎడ్ఎక్స్ అనే సంస్థ వాటిని ఆన్‌లైన్ కోర్సుగా తెచ్చింది. 2013లో కాలిఫోర్నియాలోని శాన్ హోసే స్టేట్ యూనివర్సిటీలో ఆ కోర్సు వాడమని ప్రతిపాదన వచ్చింది. అక్కడి ఫిలాసఫీ అధ్యాపకులు ఒప్పుకోలేదు. నేరుగా సాండెల్‌కే బహిరంగ లేఖ రాశారు. మీ వీడియో మా క్లాసులోకి వస్తే రేపు మా స్థానంలో మనుషులు అక్కర్లేదంటారు, మా పిల్లలకు తమ ముందు కూర్చుని వాదించే మాస్టారు అక్కర్లేదా అని అడిగారు. సాండెల్ జవాబిచ్చారు. ఆ రెండు సంస్థల మధ్య ఏర్పాటు గురించి తనకు తెలిసింది చాలా తక్కువని, సాటి అధ్యాపకులకు చేటు చేయడానికి తన పాఠాలు వాడటం తనకు అస్సలు ఇష్టం లేదని అన్నారు.

చూశారా. పాఠం ఆయనది, ముఖం ఆయనది, గొంతు ఆయనది. అది ఏ ఊళ్లో ఎవరి పొట్ట కొట్టడానికి వెళుతుందో ఆయనకు తెలియదు. హార్వర్డ్ ప్రొఫెసరుకే తెలియకపోతే మన జిల్లా కాలేజీ లెక్చరరుకు ఎలా తెలుస్తుంది?

సంస్థల వైపు కూడా వినాలి. వాళ్లకూ న్యాయమైన మాటలున్నాయి. 1999లో ఆ హార్వర్డ్‌లోనే ఆర్థర్ మిల్లర్ అనే లా ప్రొఫెసరు కాంకర్డ్ అనే ఆన్‌లైన్ లా స్కూలుకు వీడియో పాఠాలు చేసిచ్చారు. పేరు దగ్గరగా ఉన్నా, మొదట చెప్పుకున్న కంకార్డియా వేరు, ఈ కాంకర్డ్ వేరు. మా అనుమతి లేకుండా మరో చోట పాఠం ఎలా చెబుతారని హార్వర్డ్ అడిగింది. ఆయన జవాబు వినండి. అక్కడి విద్యార్థులను చూడలేదు, వాళ్లతో మాట్లాడలేదు, పేపర్లు దిద్దలేదు. టేపులు ఇచ్చాను, అంతే. పుస్తకం రాయడానికి దీనికి తేడా ఏమిటి అన్నారు. హార్వర్డ్ ఆ తర్వాత నిబంధన బిగించింది, ముందస్తు అనుమతి తప్పనిసరి అంది. యూనివర్సిటీ పేరు వల్లే ప్రొఫెసరు పాఠానికి గిరాకీ వస్తుంది. ఆ పేరును అమ్ముకునేటప్పుడు అడగమనడం అన్యాయం కాదు.

కొన్నిసార్లు పగ్గం సంస్థ చేతిలో ఉండక తప్పదు కూడా. ఎంఐటీలో వాల్టర్ లెవిన్ ఫిజిక్స్ పాఠాలు లక్షల మంది చూసేవారు. లోలకం పాఠంలో తానే తాడుకు వేలాడి ఊగి చూపించేవారు. ఆన్‌లైన్ కోర్సులో చేరిన ఒక మహిళను ఆయన లైంగికంగా వేధించారని ఎంఐటీ విచారణలో తేలింది. 2014 డిసెంబరులో ఆ పాఠాలన్నీ సంస్థ తీసేసింది. విద్యార్థుల రక్షణ ముందు, పాఠం తర్వాత. ఆ నిర్ణయం సరైనదే. అయితే ఉచిత లైసెన్సుతో వదిలిన పాఠాలు కాబట్టి కాపీలు అప్పటికే యూట్యూబ్‌లో వేరే చోట్ల ఉన్నాయి. ఇప్పటికీ ఉన్నాయి. ఒకసారి ఆన్‌లైన్‌లోకి వదిలాక పగ్గం ప్రొఫెసరు దగ్గరా ఉండదు, సంస్థ దగ్గరా ఉండదు. కాబట్టి పగ్గం మాట వదిలే ముందే మాట్లాడుకోవాలి.

ఇప్పుడు తెలుగు శ్రోతలకు మరీ దగ్గరైన విషయం. ఎన్‌పీటెల్ పాఠాలు తెలుగుతో సహా మన భాషల్లోకి వస్తున్నాయి. మంచి పని. తెలుగు మీడియంలో చదివి ఇంజనీరింగ్‌లో చేరిన పిల్లలకు ఇది కొండంత అండ. కానీ అనువాదాన్ని యంత్రానికి వదిలేస్తే ఏమవుతుంది? ఇంగ్లిష్‌లో పవర్ అనే ఒక్క మాట తీసుకోండి. ఫిజిక్స్‌లో అది సామర్థ్యం. లెక్కల్లో ఘాతం. రాజనీతిలో అధికారం. మాస్టారు లెక్క చెబుతుంటే కింద తెలుగులో అధికారం అని పడితే పిల్లవాడు మాస్టారికి తెలుగు రాదనుకుంటాడు, లేదా తనకు లెక్కలు రావనుకుంటాడు. రెండోదే ఎక్కువ. తన పేరుతో వచ్చే అనువాదాన్ని ఒకసారి చూసుకునే వీలు ఆ మాస్టారికి ఉండాలి. అది గొంతెమ్మ కోరిక కాదు.

దాని తర్వాతి మెట్టు గొంతు. ఒక మనిషి గొంతును కొద్ది నిమిషాల రికార్డింగుతో యంత్రం అచ్చంగా దించేస్తోంది. వంద గంటల పాఠాలు ఇచ్చిన ప్రొఫెసరు గొంతు అయితే ఇక చెప్పేదేముంది. గాయకుడు అరిజీత్ సింగ్ గొంతును ఇలా అనుకరిస్తుంటే 2024లో బాంబే హైకోర్టు అడ్డుకుంది, అనుమతి లేకుండా ఆ పని చేయకూడదంది. గాయకుడికి ఆ రక్షణ ఉందంటే, చట్టంలో అదే వరసలో కూర్చున్న మాస్టారికీ ఉండాలి. గాన్యోన్ గారు చెప్పింది తాను బతికుండగా చెప్పిన పాఠం. రేపు ఎవరైనా ప్రొఫెసరు తానెన్నడూ చెప్పని పాఠాన్ని తన గొంతుతోనే చెబుతుంటే? ఆ రోజు రాకముందే ఒప్పందాల్లో ఆ వాక్యం చేరాలి.

అన్నీ తిరిగి తిరిగి ఒక కాగితం దగ్గరికే వస్తాయి. రికార్డింగుకు ముందు సంతకం పెట్టే కాగితం. రేడియోలో మాట్లాడటానికి వచ్చే ప్రతి వక్తా ఒక కాంట్రాక్టు మీద సంతకం చేశాకే మైకు ముందు కూర్చుంటారు. ఏ రోజు, ఎన్ని నిమిషాలు, ఎంత పారితోషికం అన్నీ దాంట్లో ఉంటాయి. పది నిమిషాల ప్రసంగానికే ఇంత లెక్క ఉన్నప్పుడు, నలభై గంటల కోర్సుకు ఉత్త నోటిమాట సరిపోతుందా? కోర్సు ఎన్నేళ్లు వాడతారు, మార్పులు ఎవరు చేయాలి, అధ్యాపకుడు ఉద్యోగం మానేస్తే ఏమవుతుంది, అనువాదం ఎవరు చూస్తారు, రికార్డు చేసిన తేదీ తెర మీద వేస్తారా. ఇవి అడగడానికి మొహమాటం ఎందుకు? అడిగే మాస్టారికి పాఠం మీద మమకారం ఉందనే అర్థం.

చివరగా ఒక పనికొచ్చే సంగతి. వింటున్నవారిలో అధ్యాపకులు ఉంటే కాస్త జాగ్రత్తగా వినండి. మీ ఇంట్లో, మీ బంధువుల్లో ఉంటే వాళ్లకు చెప్పండి. కాపీరైట్ చట్టం 19వ సెక్షన్. హక్కు ఒకరి నుంచి ఒకరికి మారాలంటే రాతపూర్వకంగా ఉండాలి, సంతకం ఉండాలి. నోటిమాట చాలదు, మౌనం చాలదు. ఇంకా ఉంది. ఆ కాగితంలో ఎంతకాలానికి అని రాయకపోతే, ఐదేళ్లకు అనే చట్టం అనుకుంటుంది. ఐదేళ్లు. ఉద్యోగంలో భాగంగా చేసినదైతే లెక్క వేరు, మొదటి నుంచీ అది సంస్థదే కావచ్చు. కానీ బయటి నుంచి వచ్చి పాఠం చెప్పి వెళ్లినవాళ్లకు, గెస్ట్ లెక్చరర్లకు, రిటైరయ్యాక పిలిస్తే వచ్చి రికార్డు చేసినవాళ్లకు ఇది వర్తించే అవకాశం ఉంది.

2020 లాక్‌డౌన్‌లో రాసిచ్చిన కాగితానికి 2025లో ఐదేళ్లు నిండాయి. ఆ కాగితం బీరువాలోనో, పాత మెయిల్ లోనో, కాలేజీ ఆఫీసు ఫైలులోనో ఉండే ఉంటుంది. ఒకసారి తీసి, కాలపరిమితి అన్న చోట ఏం రాసుందో చూడండి.